"అన్ని ఇంటెల్ బోర్డులకూ పడుతుంది" అని కూలర్ అమ్మితే నమ్మకండి

డెస్క్‌టాప్ వేడెక్కిపోతోందని కొత్త కూలర్ కొనబోతున్నవాళ్లు, ముఖ్యంగా ఇంటెల్ 12, 13, 14వ తరం ప్రాసెసర్లు వాడేవాళ్లు, డబ్బు కట్టేముందు ఇది చదవండి. సికింద్రాబాద్‌లోని ఒక షాపులో నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

నాది ఐ7-12700. బేస్ పవర్ 65 వాట్లే కానీ, గట్టి పని పడితే 180 వాట్ల దాకా లాగుతుంది. దాంతోపాటు వచ్చే చిన్న కూలర్ ఆ వేడిని తట్టుకోలేదు. వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే టెంపరేచర్ 100 డిగ్రీలకు చేరేది. అక్కడికి చేరితే ప్రాసెసర్ కాలిపోకుండా తన స్పీడు తానే తగ్గించుకుంటుంది, పని నత్తనడక నడుస్తుంది.

షాపులో ఒక పెద్ద టవర్ కూలర్ చూపించి, "అన్ని ఇంటెల్ బోర్డులకూ పడుతుంది సార్" అన్నారు. లోపల వర్క్‌షాప్‌లో బిగించి తెచ్చారు. విండోస్ ఆన్ చేసి చూపించి పంపేశారు. ఇంటికొచ్చి ఎక్స్‌పోర్ట్ పెడితే మళ్లీ 100, అదీ ఇదివరకటి కంటే త్వరగా. ఫ్యాన్ హోరుమని తిరుగుతోంది, కానీ కూలర్ రెక్కలు ముట్టుకుంటే చల్లగానే ఉన్నాయి. ప్రాసెసర్ మండిపోతుంటే కూలర్ చల్లగా ఉందంటే వేడి దానిదాకా రావడమే లేదన్నమాట.

విప్పి చూస్తే విషయం బయటపడింది. ప్రాసెసర్ వేడి కూలర్‌కు చేరేలా రెండింటి మధ్య రాసే థర్మల్ పేస్ట్ ఒక మూల మాత్రమే నలిగి పలచబడింది, మిగతా చోట్ల రాసింది రాసినట్టే మందంగా ఉంది. కూలర్‌ను బోర్డుకు బిగించే పట్టీ, అంటే క్లాంపు, దాని రంధ్రాలు గుండ్రంగా లేవు. ఆకురాయితో సాగదీసి కోలగా చేశారు, అంచులు కొత్తగా గీసినట్టు మెరుస్తున్నాయి. బోర్డు మీద సన్నటి లోహపు పొడి కూడా కనిపించింది. అది ఏ రెండు పిన్నుల మధ్యో పడితే బోర్డే షార్ట్ అయ్యేది. నాకు ఒళ్లు మండింది అందుకే.

అసలు సంగతి ఇది. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటును సాకెట్ అంటారు. 2021లో 12వ తరంతో వచ్చిన ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో కూలర్ బిగించే రంధ్రాల మధ్య దూరం 78 మిల్లీమీటర్లు. అంతకుముందున్న 1200, 115ఎక్స్ సాకెట్లలో అది 75. పైగా కొత్త సాకెట్‌లో ప్రాసెసర్ ఎత్తు కాస్త తక్కువ. పాత క్లాంపును ఎలాగోలా దూర్చినా సరిపడా నొక్కుడు పడదు. నాకు అంటగట్టింది ఆ పాత స్టాకే. పెట్టె పక్కన 1200 దాకానే రాసి ఉంది, ఆ పెట్టెను నాకు ఇవ్వకుండా వాళ్లే ఉంచుకున్నారు. వెనక్కి వెళ్లి అడిగాకే చూపించారు.

"ఓపెన్ చేసిన ఐటెం వాపస్ తీసుకోం" అన్నారు. ఆ మాట చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. యూపీఐ స్క్రీన్‌షాట్ ఒక్కటి చాలదు, మోడల్ పేరు రాసిన బిల్లు పట్టుబట్టి తీసుకోండి. నా బిల్లు మీద "కూలర్ 1" అని మాత్రమే ఉంది, ఇప్పుడు అదే పెద్ద తలనొప్పి.

మీరు కొనేటప్పుడు పెట్టె మీద 1700 అని అచ్చు వేసి ఉందో లేదో స్వయంగా చూడండి. ఇంటెల్ కొత్త ప్రాసెసర్లు కోర్ అల్ట్రా 200 సిరీస్ వాడే 1851 సాకెట్‌కూ రంధ్రాలు అవే కొలత. ఇంట్లో మంచి పాత కూలర్ ఉంటే పారేయకండి, నాక్టువా లాంటి కంపెనీలు 1700 క్లాంపు కిట్ విడిగా ఇచ్చాయి. బిగించడం మీ కళ్లముందే జరగాలి, కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీశారో లేదో కూడా చూడండి. విండోస్ ఆన్ అయితే సరిపోదు. ప్రాసెసర్‌కు గట్టి పని పెట్టే సినీబెంచ్ అనే ప్రోగ్రామ్ పది నిమిషాలు నడిపించి, టెంపరేచర్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో ఎంత ఉందో చూశాకే డబ్బు కట్టండి. దానికి ఒప్పుకోని షాపులో కొనకండి.

నేను వేరేచోట 1700 క్లాంపుతో వచ్చిన టవర్ కూలర్ కొని బిగించాను. అదే ఎక్స్‌పోర్ట్ ఇప్పుడు 80ల్లోనే ముగుస్తోంది.