ఆలం మోతాదు: జార్ టెస్టా, మీటరా, ఏఐ ఏజెంటా? ఏది మేలు?

వరద నీళ్లు మొదలయ్యాయంటే నీటిశుద్ధి ప్లాంట్లు నడిపేవాళ్లంతా ఒకటే అడుగుతారు: నీటిలోని బురదను ముద్దకట్టించి తేర్చే ఆలం (పటిక) మోతాదు ఏఐకి అప్పజెప్పవచ్చా? నది నీళ్లు తీసుకునే 10 ఎంఎల్‌డీ (రోజుకు కోటి లీటర్ల) ప్లాంటును దృష్టిలో పెట్టుకుని చూద్దాం.

జాడీల్లో నది నీళ్లు పోసి, వేర్వేరు మోతాదుల్లో ఆలం వేసి ఏది బాగా తేరుతుందో చూసేదే జార్ టెస్టు. దాన్ని మించిన సాక్ష్యం లేదు. ఒక శాతం ద్రావణం 1 మి.లీ. వేస్తే లీటరు నీటికి 10 మి.గ్రా. పడినట్టు. 100 ఆర్‌పీఎంలో ఒక నిమిషం, 30-40లో ఇరవై నిమిషాలు తిప్పి, అరగంట తేరనివ్వాలి. చిక్కల్లా ఆ గంటే. ఫలితం చేతికొచ్చేసరికి నదిలో నీరు మారిపోయి ఉండవచ్చు.

నీటిలోని కణాల విద్యుత్ ఛార్జిని ఎడతెగకుండా కొలిచే స్ట్రీమింగ్ కరెంట్ మీటరు ఆ ఆలస్యాన్ని తీరుస్తుంది. క్లారిఫయర్ (నీరు తేరే ట్యాంకు) అవుట్‌లెట్ దగ్గర టర్బిడిటీ (నీటి మసక) చూసి దిద్దుకోవాలంటే రెండు మూడు గంటలు పడుతుంది. ఈ మీటరు, ఆలాన్ని నీటిలో వేగంగా కలిపే ఫ్లాష్ మిక్సర్ దాటిన కొద్ది నిమిషాల్లోనే ఛార్జి ఎటు ఉందో చెప్పేస్తుంది. కానీ పీహెచ్ మారితే మీటరు చూపాల్సిన లక్ష్య రీడింగు, అంటే సెట్‌పాయింటూ మారుతుంది. ప్రోబుకు బురద పడితే రీడింగును నమ్మలేం.

ఏఐ ఏజెంటు బలం ముందుచూపు. రా వాటర్ (శుద్ధి చేయని నీటి) టర్బిడిటీ, పీహెచ్, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం), ఉష్ణోగ్రత, ఫ్లో చూసి, ఆ నీరు మిక్సర్‌కు చేరకముందే మోతాదు లెక్కకడుతుంది. అయితే అది దేన్ని చూసి నేర్చుకుందన్నదే అసలు ప్రశ్న. చాలాచోట్ల దానికి ఇచ్చేది లాగ్‌బుక్. అందులో ఉండేది వేసిన మోతాదే తప్ప వేయాల్సిన మోతాదు కాదు. వరదల్లో భయంకొద్దీ నాలుగు మి.గ్రా. ఎక్కువే వేస్తారు, మోడలూ అదే నేర్చుకుంటుంది. ఆపరేటర్ అంకెతో సరిపోలినంత మాత్రాన అది సరైన మోతాదు అయిపోదు. కాబట్టి ప్రతి జార్ టెస్టు ఫలితాన్నీ నాటి ఆల్కలినిటీ, పీహెచ్‌లతో సహా రాసి పెట్టండి. ఏజెంటుకు పాఠం అదే కావాలి.

ఎక్కువ వేస్తే ఏమవుతుందో కూడా చూడండి. 1 మి.గ్రా. ఆలం దాదాపు 0.5 మి.గ్రా. ఆల్కలినిటీని తినేస్తుంది. వాన నీరు కలిసి ఆల్కలినిటీ పడిపోయిన రోజున మోతాదు పెంచితే పీహెచ్ బాగా దిగిపోయి, ఫ్లాక్ (బురద ముద్దలు) సరిగా కట్టక, తేరిన నీటి టర్బిడిటీ పెరుగుతుంది. టర్బిడిటీ ఒక్కటే చూసే ఏజెంటు అప్పుడు ఇంకాస్త ఆలం వేస్తుంది! కరిగిన అల్యూమినియం, తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 గరిష్ఠ పరిమితి లీటరుకు 0.2 మి.గ్రా. దాటేదీ ఇలాంటప్పుడే. అక్కడ కావాల్సింది ఆల్కలినిటీని పెంచే సున్నం.

పంపునూ చూసుకోవాలి. లీటరుకు 30 మి.గ్రా. అంటే రోజుకు 300 కిలోలు, పది శాతం ద్రావణమైతే గంటకు 125 లీటర్లు. క్యాలిబ్రేషన్ సిలిండర్‌లో 30 సెకన్లకు ఒక లీటరుకు పైచిలుకు దిగాలి. ట్యాంకులో ద్రావణం 8 శాతమే ఉంటే తెర మీద 30 కనబడినా నీటిలో పడేది 24. ద్రావణం గాఢత కొలిచి చెప్పకపోతే ఈ తేడా ఏఐకి నేరుగా తెలియదు.

నా ఓటు స్ట్రీమింగ్ కరెంట్ మీటరుకే. దాని పైన, జార్ టెస్టులతో నేర్పిన ఏజెంటు సెట్‌పాయింటు సూచించాలి. కనిష్ఠ, గరిష్ఠ మోతాదులు, పావుగంటకు ఎంత మారవచ్చన్న హద్దు పీఎల్‌సీలో (ప్లాంటు పంపులను నడిపే కంట్రోలర్‌లో) ఉండాలి, ఏజెంటు చేతిలో కాదు. టర్బిడిటీ రీడింగు కదలక మెదలక నిలిచిపోతే చివరి మంచి మోతాదు దగ్గర ఆగి అలారం మోగించాలి. ఒక వరద సీజన్ మొత్తం సలహాకే పరిమితం చేసి, జార్ టెస్టుతో పోల్చాకే పంపును ఏజెంటుకు కలపండి. జార్ టెస్టు రికార్డులే లేకపోతే మీటరు కొని, రికార్డులు మొదలుపెట్టండి. ఏఐ సంగతి ఆ తర్వాత.

టర్బిడిటీ-మోతాదు పట్టిక చిన్న ప్లాంట్లకు సరిపోతుంది, ఏటా సరిచూసుకుంటే. ఆలం బదులు వాడే పీఏసీ (పాలీ అల్యూమినియం క్లోరైడ్) ఆల్కలినిటీని తక్కువ తింటుంది, ధర ఎక్కువ. క్లోరిన్‌కైతే ఫ్లోను బట్టి నడిచే పంపు, అవుట్‌లెట్‌లో మిగిలిన క్లోరిన్‌ను కొలిచే రెసిడ్యువల్ మీటరు చాలు.