పడితే ఒక్కరే లేపగలిగిన బండి: కోరాపుట్ కొండల్లో ఎక్స్‌పల్స్ 200 4వి

దూరప్రయాణాలకు ఏ బండి కొనమంటారని అడిగేవాళ్ళని నేను ముందు ఒకటే అడుగుతాను: బండి పక్కకి పడిపోతే మీరొక్కరే లేపుకోగలరా? సీసీ ఎంత, టాప్ స్పీడ్ ఎంత, లద్దాఖ్ ఎక్కుతుందా అని మాట్లాడదామని వచ్చినవాళ్ళకి ఈ ప్రశ్న నచ్చదు. నవ్వి ఊరుకుంటారు. కానీ మాది ఒడిశాలోని రాయగడ. ఇక్కడ ఊరు దాటి ఎటు తిరిగినా కొండే. మంచి రోడ్డు మీద ఏ బండయినా బాగానే ఉంటుంది. రోజంతా హాయిగా నడిచాక చివర్లో ఒక అరగంట వస్తుంది చూశారూ, చీకటి, బురద, సిగ్నల్ లేదు, మనిషి అలికిడి లేదు, ఆ అరగంట కోసం బండి కొనాలని నా అభిప్రాయం.

నా దగ్గరున్నది హీరో ఎక్స్‌పల్స్ 200 4వి, 2021 చివర్లో వచ్చిన మోడల్. మీటరు ముప్పై వేలు దాటి చాలా కాలమైంది. అందులో సగం ఉద్యోగానికీ బజారుకీ పార్వతీపురంలో చుట్టాలింటికీ తిరిగిన లెక్కే. మిగతా సగం కోరాపుట్, మల్కనగిరి, బస్తర్, అటు మహారాష్ట్రలోని సిరొంచ దాకా.

199.6 సీసీ ఇంజిన్, 19 పీఎస్ పవర్, అయిదు గేర్లు. కాగితం మీద చూస్తే ఏముందిందులో అనిపిస్తుంది. అసలు సంగతి వేరే అంకెల్లో ఉంది. బరువు 158 కిలోలు. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ, 220 మిల్లీమీటర్లు. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. ముందు సస్పెన్షన్ 190 మిల్లీమీటర్ల దాకా, వెనకది 170 దాకా దిగుతుంది. గుంత కనపడగానే బ్రేకు మీదకి పోయే కాలు ఈ బండి మీద కొన్నాళ్ళకి ఆ అలవాటు మానేస్తుంది. లేచి ఫుట్ రెస్టుల మీద నిలబడితే చాలు, కింద బండి తన పని తాను చేసుకుపోతుంది.

ఒక వానాకాలం దుడుమ జలపాతం వైపు పోతున్నాను. లమ్తాపుట్ దాటాక రోడ్డు పని జరుగుతున్నచోట ఎర్రమట్టి పోసి వదిలేశారు. మా ఎర్రమట్టి తడిస్తే ఎలా ఉంటుందో ఇటువైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. టైరు గాళ్ళలో మట్టి నిండిపోయిందంటే ఇక అది టైరు కాదు, సబ్బు బిళ్ళ. నడక వేగంలోనే బండి మెల్లగా ఎడమకి వాలింది. నేను దిగి పక్కన నిలబడ్డాను, అది పడుకుంది. ఎదురుగా వస్తున్న ట్రాక్టరతను బండి ఆపి దిగి వచ్చేలోపు లేపేశాను. బలం కన్నా పద్ధతి ముఖ్యం. ఇంజిన్ ఆపి, మొదటి గేరులో ఉంచి, హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, వీపు సీటుకి ఆనించి, కాళ్ళతో వెనక్కి నెట్టుకుంటూ లేవాలి. నడుముతో లాగితే మర్నాడు మంచం మీదే. ఇంకోసారి దాదాపు అలాంటి చోటే మా బావమరిది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 పడింది. అది 199 కిలోలు, దానికి తోడు రెండు వైపులా పెట్టెలు. ఇద్దరం పట్టినా రెండు సార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. బండిది తప్పు కాదు, బరువు బరువే.

సుంకి ఘాట్ గురించి చెప్పాలి. సాలూరు నుంచి పొట్టంగి మీదుగా కోరాపుట్ పోయే 26వ నంబరు జాతీయ రహదారి. లారీల వెనక ఎక్కేటప్పుడు ఈ ఇంజిన్ గుణం తెలుస్తుంది. దీని గరిష్ఠ టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, 17.35 ఎన్ఎం, అదీ 6500 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. అంటే కింది ఆర్పీఎంలో నిద్రపోతుంది. నాలుగో గేరులో బద్ధకంగా ఎక్కుదామంటే కుదరదు. మూడుకీ, ఒక్కోచోట రెండుకీ దించి ఇంజిన్‌ని అరిపించాలి. నాకది ఇబ్బంది అనిపించలేదు. గేర్లు మార్చడం విసుగనిపించేవాళ్ళకి మాత్రం అలసట వస్తుంది. దిగేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది, గట్టిగా బ్రేకు వేసినా చక్రం లాక్ అవకుండా చూసే ఏబీఎస్ ముందు చక్రానికే ఉంది. వెనక బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం లాక్ అవుతుంది. మట్టిరోడ్డు మీద అది నాకు కావాలి. తడిసిన తారు మలుపులో వద్దు.

హైవే మీద దీని హద్దు దీనికుంది. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం, బరంపురం వైపు 16వ నంబరు రహదారి మీద గంటకి 80, 85 దాకా హాయిగా పోతుంది. దానికి మించి తోస్తే పోదని కాదు, కానీ రోజంతా అలా నడపబుద్ధి కాదు. బస్సులు దాటిపోతుంటాయి, పోనివ్వాలి. తెల్లారకముందే బయల్దేరి ఎండెక్కేలోపు సగం దూరం లాగేయడం నా పద్ధతి. రోజుకి ఏడెనిమిది వందల కిలోమీటర్లు కొట్టాలనుకునేవాళ్ళు ఈ బండి కొనకండి. సీటు సన్నం, ఎత్తు 825 మిల్లీమీటర్లు. అయిదున్నర అడుగుల మనిషికి మునివేళ్ళే ఆనతాయి. రెండు గంటలకోసారి టీకి దిగాల్సిందే. ఎలాగూ దిగుతాం కదా.

సిరొంచ ప్రయాణమే నాకు ఈ బండి మీద నమ్మకం కుదిర్చింది. బొరిగుమ్మ, కోట్‌పాడ్ మీదుగా జగదల్‌పూర్, అక్కణ్ణుంచి గీదం, బీజాపూర్, భోపాలపట్నం. ఇదంతా 63వ నంబరు రహదారి. ఇదే రోడ్డు సిరొంచ దాటి మంచిర్యాల, నిజామాబాద్ దాకా పోతుందని మా వైపు చాలామందికి తెలియదు. బీజాపూర్ దాటాక అడవి, బలగాల క్యాంపులు, పలచటి ఊళ్ళు. ట్యాంకు 13 లీటర్లు. నాకు లీటరుకి 35 నుంచి 40 మధ్య ఇస్తుంది కాబట్టి నాలుగు వందల కిలోమీటర్లు నిశ్చింత. అయినా బీజాపూర్‌లో నింపుకోకుండా ముందుకి పోను. చెకింగ్ దగ్గర కాగితాలు అడుగుతారు. సిగ్నల్ లేనిచోట ఫోను చూపించి లాభం లేదు, ఆర్సీ, ఇన్సూరెన్సు జిరాక్సులు జేబులో ఉండాలి. ఇంద్రావతి వంతెన దాటి మహారాష్ట్రలోకి అడుగుపెట్టాక సిరొంచలో టీ కొట్టతను "ఎక్కణ్ణుంచన్నా?" అని తెలుగులో అడిగేసరికి టెన్షన్ అంతా పోయింది.

అక్కడే ముందు టైరు పంక్చర్. ఈ బండివి స్పోక్ చక్రాలు, లోపల ట్యూబులు. ట్యూబ్‌లెస్ లాగా పుల్ల గుచ్చి పోలేం, చక్రం విప్పాల్సిందే. మెకానిక్ పాత ట్యూబు చూసి పెదవి విరిచాడు, వాల్వ్ మొదట్లోనే చిరిగింది, అతుకు నిలవదు. 21 అంగుళాల ట్యూబు చిన్న ఊళ్ళలో దొరకదు. నా సంచీలో ఒకటి ఉంది కాబట్టి గంటలో బయటపడ్డాను. అందుకే ఎవరికైనా చెబుతాను, ఒక్క ట్యూబే పెట్టుకునే చోటుంటే 21 అంగుళాలదే పెట్టుకోండి. అవసరానికి అది వెనక 18 అంగుళాల చక్రంలో మడిచి వేసుకుని నెమ్మదిగా ఊరు చేరొచ్చు. చిన్నది పెద్ద చక్రంలో సాగదీసి వేస్తే నిలవదు. రెండు టైర్ లివర్లు, చేతి పంపు, చైనుకి లింకు, క్లచ్ కేబుల్, ఇంతకు మించి సామాను నేను మోయను.

లగేజీ మాటకొస్తే, మొదట ఒక షాపులో ఇనప ఫ్రేము చేయించి రెండు పెట్టెలు బిగించాను. మల్కనగిరి వైపు గతుకుల్లో వెల్డింగ్ ఊడి ఒక పెట్టె వేలాడింది. మిగతా దారంతా బంగీ తాళ్ళే దిక్కు. ఇప్పుడు గుడ్డ సంచులే. పడినా కాలు నలగదు, బరువూ తక్కువ. సైలెన్సర్ కుడివైపు పైకి లేచి ఉంటుంది కాబట్టి ఆ పక్క సంచీ కాలకుండా హీట్ షీల్డ్ తప్పనిసరి.

రిపేర్ల సంగతి. స్ప్లెండర్ విప్పే మెకానిక్ లేని ఊరు మా వైపు లేదు. కేబుల్, లివర్, చైను, బ్రేకు ప్యాడ్లు అనేసరికి అతను చాలు. ఫ్యూయల్ ఇంజెక్షన్ సెన్సార్ల దాకా వస్తే మాత్రం స్కానర్ ఉన్న సర్వీస్ సెంటరుకే పోవాలి, ఇది ఈ రోజుల్లో ఏ బండికయినా అంతే. ఎండాకాలం దుమ్ములో ఎయిర్ ఫిల్టర్ కంపెనీ చెప్పినదానికన్నా ముందే చూసుకుంటాను. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కుల మీద మట్టి ఎండిపోకుండా రోజూ సాయంత్రం తడిగుడ్డతో తుడిస్తే ఆయిల్ సీళ్ళు ఎక్కువ కాలం వస్తాయి.

మిగతా బండ్లు వద్దంటున్నానా? లేదు. వెనక భార్యనో స్నేహితుణ్ణో కూర్చోబెట్టుకుని తిరిగేవాళ్ళకి 2023 నవంబరులో వచ్చిన హిమాలయన్ 450 ఎంతో మేలు. 452 సీసీ, 40 పీఎస్, 17 లీటర్ల ట్యాంకు. ఘాట్ మీద దాన్ని చూస్తే నాకూ ఆశ పుడుతుంది, అది 196 కిలోలని గుర్తొచ్చేదాకా. తారు రోడ్డే ఎక్కువనుకుంటే సుజుకీ వి-స్ట్రోమ్ ఎస్ఎక్స్ 250 బాగుంటుంది. 167 కిలోలు, అలాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు కాబట్టి పంక్చర్ బాధ సగం తగ్గుతుంది. పెద్ద రాళ్ళ దారుల్లో మాత్రం నాకు స్పోకులే ధైర్యం. పన్ను కూడా లెక్కేసుకోండి. 2025 సెప్టెంబరు నుంచి 350 సీసీ లోపు బండ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ఆ పైవాటికి 40 శాతమైంది.

ఇక అందరూ అడిగే లద్దాఖ్. ఎక్కుతుంది, కానీ గాలి పలచబడే కొద్దీ ఏ మామూలు ఇంజినైనా శక్తి పోగొట్టుకుంటుంది. అయిదు వేల మీటర్ల దగ్గర ఇంచుమించు సగమే మిగులుతుంది. 19 పీఎస్‌లో సగం అంటే ఎంతో మీరే చూసుకోండి. ఒంటరిగా, తక్కువ సామానుతో అయితే సరే. రాయగడ నుంచి ఢిల్లీ దాకా హైవే మీద నడిపి అలసిపోయే బదులు బండిని రైల్లో పార్సిల్ వేయడం మంచిది. ట్యాంకు ఖాళీ చేసి, గోనెపట్టాతో చుట్టించి ఇవ్వాలి.

కొత్తది కొనాలంటే ఇప్పుడు ఎక్స్‌పల్స్ 210 కూడా ఉంది. లిక్విడ్ కూలింగ్, ఆరో గేరు, 24.6 పీఎస్. హైవే మీద నేను చెప్పిన లోటుకి అది జవాబు. పాత 4వి చూస్తున్నవాళ్ళు మాత్రం పెయింటు చూసి మురిసిపోకండి. కింద వంగి ఇంజిన్ కింది ప్లేటు ఎంత సొట్టబోయిందో చూడండి, స్పోకుల మీద పుల్లతో తట్టి శబ్దం అన్నిటికీ ఒకేలా వస్తోందో లేదో వినండి, ముందు ఫోర్కు గొట్టాల మీద వేలు రాసి నూనె అంటుతుందేమో చూడండి. ఆ తర్వాతే బేరం.