ఎన్‌ఐఓఎస్ మేలా, కేంబ్రిడ్జ్ మేలా: ఇంటి దగ్గర చదివే చురుకైన పిల్లలకు హైస్కూలు ప్రణాళిక

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా, తరగతిలో ఇచ్చిన లెక్కలను పది నిమిషాల్లో ముగించి, మిగిలిన సమయమంతా నోటుపుస్తకం చివరి పేజీల్లో తనకు తోచిన లెక్కలు వేసుకుంటూ కూర్చునేది. ఆ పేజీలు చించి, సంజాయిషీ రాయమంటూ బడి నుంచి ఇంటికి పంపిన రోజున, ఇక తనను ఇంటి దగ్గరే చదివించాలని నేనూ మావారూ నిశ్చయించుకున్నాం. విజయవాడలో తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్లవాడిని చూస్తే చుట్టాలందరూ అడిగే మొదటి మాట 'ఏ కాలేజీలో వేస్తున్నారు?' అన్నదే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికి మాకు దాదాపు ఏడాది పట్టింది.

విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వయసు పిల్లలకు వర్తిస్తుంది కనుక, హైస్కూలు వయసు పిల్లల విషయంలో తల్లిదండ్రులను వేధించేది చట్టం కాదు, సర్టిఫికెట్. ఇంట్లో ఎంత లోతుగా చదివినా, పది, పన్నెండు తరగతులు పూర్తయినట్లు గుర్తింపు ఉన్న బోర్డు ఒకటి చెప్పాలి. 2016లో అమెరికాలోని ఎంఐటీలో సీటు సంపాదించిన ముంబయి అమ్మాయి మాళవికా జోషి సంగతే చూడండి. బడి మానేసి ఇంట్లో చదువుకుని, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ పోటీ అయిన అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు తెచ్చినా, పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేనందున ఐఐటీలలో ఆమెకు చోటు దొరకలేదు. అంతటి ప్రతిభకే అలా జరిగినప్పుడు మనం సర్టిఫికెట్‌ను పక్కన పెట్టి ప్రణాళిక వేయలేం.

మేము పోల్చి చూసినవి ముఖ్యంగా రెండు. ఒకటి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్. రెండోది ప్రైవేటు అభ్యర్థిగా రాసే ఇంగ్లండు కేంబ్రిడ్జ్ బోర్డు పరీక్షలు: పదో తరగతి స్థాయిలో ఐజీసీఎస్ఈ, ఆ తరువాత పన్నెండో తరగతి స్థాయిలో ఏ లెవెల్. మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం కూడా పది, ఇంటర్ పరీక్షలు నిర్వహిస్తుంది, కానీ ఇతర రాష్ట్రాల సంస్థల మీద కూడా దృష్టి పెట్టిన మాకు కేంద్ర ప్రభుత్వ బోర్డు అయితే వివరించుకోవలసిన పని తగ్గుతుందనిపించి దానిని వదిలేశాం.

ఎన్‌ఐఓఎస్‌లో కనీసం ఐదు సబ్జెక్టులు రాయాలి. ఒకసారి చేరితే ప్రవేశం ఐదేళ్లు చెల్లుతుంది, ఆ కాలంలో తొమ్మిది సార్లు పరీక్షకు కూర్చోవచ్చు. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండు విడతలు, ఏప్రిల్–మేలో ఒకటి, అక్టోబరు–నవంబరులో మరొకటి జరుగుతాయి కనుక, ఐదు సబ్జెక్టులనూ ఒకే నెలలో మోయనక్కరలేదు. తెలుగును భాషా సబ్జెక్టుగా తీసుకోవచ్చు. ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు ఉంటాయి. లోపం ఎక్కడ ఉందంటే, ప్రశ్నపత్రం స్థాయి చురుకైన పిల్లలకు తేలిక, పాఠ్యపుస్తకం దాటి ఆలోచించినందుకు అక్కడ అదనపు ఫలితం ఉండదు. అలాగని తేలికగా తీసుకోకూడదు, ఎందుకంటే జేఈఈ ర్యాంకుతో ఐఐటీ, ఎన్‌ఐటీలలో చేరాలంటే జనరల్ అభ్యర్థికి పన్నెండులో 75 శాతం మార్కులైనా ఉండాలి, లేదా తన బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లోనైనా ఉండాలి.

కేంబ్రిడ్జ్ సిలబస్ నాకు నిజంగా నచ్చింది. గత సంవత్సరాల ప్రశ్నపత్రాలు, మార్కులు ఎలా వేస్తారో చెప్పే పత్రాలు అందుబాటులో ఉంటాయి. ఏ లెవెల్‌లో మామూలు గణితంతో పాటు ఫర్దర్ మ్యాథమెటిక్స్ అనే ప్రత్యేక సబ్జెక్టు కూడా ఉంది. అయితే ఒక్క సబ్జెక్టుకు కట్టే పరీక్ష రుసుమే ఎన్‌ఐఓఎస్ ఐదు సబ్జెక్టుల ఖర్చును దాటిపోతుంది. ప్రయోగ పరీక్షలది మరొక చిక్కు. ఐజీసీఎస్ఈ భౌతికశాస్త్రంలో ప్రయోగశాలకు బదులు రాతపరీక్షను ఎంచుకునే వీలు ఉంది, కానీ ఏ లెవెల్‌కు వచ్చేసరికి రెండు గంటల ప్రయోగ పరీక్ష తప్పనిసరి. దానికి ప్రైవేటు అభ్యర్థిని చేర్చుకునే కేంద్రం దొరకాలి. మేము ఫోన్ చేసిన బడి ఒకటి ముందు సరేనని, గడువు దగ్గర పడ్డాక కాదన్నది.

ఇక అసలు విషయం వయసు. ఎన్‌ఐఓఎస్‌లో సెకండరీకి 14, సీనియర్ సెకండరీకి 15 ఏళ్లు నిండాలి, పైగా ఆ రెండు సర్టిఫికెట్ల మధ్య రెండేళ్ల విరామం ఉండాలి. పదమూడేళ్లకే పన్నెండో తరగతి లెక్కలు చేయగల పిల్లకు ఇది అడ్డుగోడలా కనిపిస్తుంది. కేంబ్రిడ్జ్‌లో అలాంటి వయసు నిబంధన లేదు, సిద్ధమైన ఏడాదే ఆ సబ్జెక్టు రాయవచ్చు. చాలామంది తల్లిదండ్రులు ఈ ఒక్క కారణంతోనే కేంబ్రిడ్జ్ వైపు మొగ్గుతారు. నేనూ కొన్ని నెలలు అలాగే ఆలోచించాను.

నా ఆలోచనను మార్చింది ఒక రేఖాగణితం లెక్క. ఒలింపియాడ్ తరహా లెక్క, ఏలూరు రోడ్డులో కొన్న పుస్తకంలోది. మా అమ్మాయి పాత క్యాలెండరు కాగితం వెనుక బొమ్మ గీసుకుని, చెరిపి, మళ్లీ గీసి, మూడు రోజులు దానితోనే గడిపింది. మూడో రోజు సాయంత్రం నేను ఆరిన బట్టలు మడత పెడుతుండగా వచ్చి, 'అమ్మా, ఈ నాలుగు బిందువులూ ఒకే వృత్తం మీద ఉన్నాయి, ఎవరూ గీయలేదంతే' అంది. ఆ మూడు రోజుల్లో తను ఏ సిలబస్‌నూ ముందుకు జరపలేదు, ఏ పరీక్షకూ దగ్గర కాలేదు, కానీ అంతకు ముందు ఏడాది బడిలో నేర్చుకున్న దానికంటే ఎక్కువ నేర్చుకుంది. పరీక్షలను త్వరగా రాయించే ప్రణాళికలో ఆ మూడు రోజులకు చోటు ఉండదు.

ఇక్కడి కార్పొరేట్ కాలేజీల దారిని మేము ఎక్కువసేపు తూచలేదు. పొద్దున నుంచి రాత్రి దాకా సాగే స్టడీ అవర్లు పోటీ పరీక్షకు పనికి రావచ్చు, కానీ ఒక లెక్కతో మూడు రోజులు గడిపే పిల్లకు అక్కడ ఊపిరాడదు.

అందువల్ల మా ఇంటికి సంబంధించి ఎన్‌ఐఓఎస్ మేలని తేల్చుకున్నాం. ఆ సిలబస్‌కు రోజూ ఉదయం రెండు గంటలు చాలు, మధ్యాహ్నం మొత్తం తనకు ఇష్టమైన సంఖ్యా సిద్ధాంతానికీ, ఎంపికలను, అమరికలను లెక్కించే కాంబినటోరిక్స్‌కీ. వారానికి ఒక రోజు మాత్రం రాత పని: చేసిన నిరూపణను ఎదుటివాడికి అర్థమయ్యేలా పూర్తి వాక్యాల్లో రాయడం. చురుకైన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే, ఇంట్లో చదివించేవారు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేదీ అదే.

అయితే పిల్లవాడి మనసు చరిత్ర, సాహిత్యం, ఆర్థికశాస్త్రం వంటి రాత ప్రధానమైన సబ్జెక్టుల మీద ఉండి, డిగ్రీకి విదేశం వెళ్లాలన్న ఆలోచన గట్టిగా ఉండి, పరీక్ష కోసం హైదరాబాదు దాకా వెళ్లి రావడానికి ఇంటి ఆదాయం సహకరిస్తే, నేను కేంబ్రిడ్జ్‌నే ఎంచుకోమంటాను, ఎందుకంటే వాదనను కట్టి రాయడాన్ని ఆ పరీక్షలు నిజంగా కొలుస్తాయి. ఆ దారిలో వెళ్లేవారు ఐజీసీఎస్ఈలో ఇంగ్లీషుతో సహా ఐదు సబ్జెక్టులకు తగ్గకుండా చూసుకోవాలి, సైన్సు సబ్జెక్టు ఏదైనా తీసుకుంటే ఏ లెవెల్ కేంద్రంతో ప్రయోగ పరీక్ష గురించి రాతపూర్వకంగా మాట తీసుకోవాలి.

మా అమ్మాయి అక్టోబరు విడతలో తెలుగు, సాంఘికశాస్త్రం రాస్తుంది. గణితం తను ఇప్పుడే రాయగలదు, అయినా ఏప్రిల్‌కు ఉంచాం. అసైన్‌మెంట్ల కాగితాలు ఈ వారంలో ఇవ్వాలి, సైన్సు ప్రయోగాల తేదీలు అధ్యయన కేంద్రంలో ఇంకా కనుక్కోవాలి.