జేబుకు స్వేచ్ఛ, నోటికి స్వేచ్ఛ: ఆటగాళ్లకు ఏది మేలు?

2008కి ముందు చైనాలో టెన్నిస్ ఆడేవాళ్లు సంపాదనలో 65 శాతం దాకా ప్రభుత్వానికి కట్టాల్సి వచ్చేది. కోచ్ ఎవరు, ఏ టోర్నీకి వెళ్లాలి అన్నవి కూడా పైవాళ్లే చెప్పేవారు. బీజింగ్ ఒలింపిక్స్ అయ్యాక లీ నా, జెంగ్ జీ, యాన్ జీ, పెంగ్ షువాయ్ అనే నలుగురికి పట్టు సడలించారు. కోచ్‌ని మీరే పెట్టుకోండి, ఖర్చులు మీరే పడండి, బహుమతి డబ్బులో 8 నుంచి 12 శాతం ఇస్తే చాలన్నారు. దీనికి అక్కడ ‘డాన్‌ఫే’ అని పేరు పడింది. ఒంటరిగా ఎగరడం అని అర్థం.

ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలంటే, డబ్బు వరకూ కొత్తదే మేలు, ఆలోచించేదేముంది అనిపిస్తుంది. లీ నా 2011లో ఫ్రెంచ్ ఓపెన్, 2014లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. సింగిల్స్‌లో గ్రాండ్‌స్లామ్ గెలిచిన తొలి ఆసియా క్రీడాకారిణి ఆమే.

కానీ పాత పద్ధతిని ఒక్క మాటలో కొట్టిపారేయలేం. వుహాన్‌లో లీ నా చిన్నప్పుడు ఆడింది బ్యాడ్మింటన్. ఆమెను టెన్నిస్ వైపు మళ్లించి, ఏళ్ల తరబడి నేర్పించింది ప్రభుత్వ శిక్షణ వ్యవస్థే. మన దగ్గర టెన్నిస్ నేర్పించాలంటే తండ్రి జీతం ఏ మూలకూ చాలదు, అకాడమీ ఫీజు దగ్గరే సగం మంది ఆగిపోతారు. కాబట్టి పెట్టుబడి పెట్టినవాడు వాటా అడగడం నాకు తప్పుగా తోచదు. తప్పల్లా గడువు లేకపోవడంలో ఉంది. బ్యాంకు అప్పుకైనా చివరి వాయిదా అంటూ ఒకటుంటుంది కదా.

అసలు చిక్కు పెంగ్ షువాయ్ దగ్గర వస్తుంది. ఆమెకూ దక్కింది అదే డాన్‌ఫే. 2013లో వింబుల్డన్ డబుల్స్ గెలిచింది, 2014లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. డబ్బుకు కొదవ లేదు. 2021 నవంబరులో, మాజీ ఉప ప్రధాని జాంగ్ గావోలీ తనను లైంగికంగా బలవంతపెట్టారని చైనా సోషల్ మీడియా వీబోలో రాసింది. అరగంట తిరిగేసరికి ఆ పోస్టు మాయమైంది. తర్వాత కొన్నాళ్లు ఆమె ఎక్కడుందో బయటివాళ్లకు తెలియలేదు. మళ్లీ కనిపించాక, తానెవరి మీదా అలాంటి ఆరోపణ చేయలేదని, తన మాటల్ని అపార్థం చేసుకున్నారని చెప్పింది. మహిళల టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏ చైనాలో టోర్నీలు ఆపేసింది, 2023లో తిరిగి వెళ్లింది. 8 శాతమో 12 శాతమో తప్ప మిగతాదంతా సొంతమే అయిన మనిషి పెట్టిన పోస్టు అరగంట నిలవలేదు.

సోవియట్ యూనియన్‌లో కథ తిరగబడి నడిచింది. ఐస్ హాకీ ఆటగాళ్లు సైనిక క్లబ్బులో అధికారుల హోదాలో ఉండేవారు, ఏడాదిలో ఎక్కువ భాగం శిబిరంలోనే గడిపేవారు. 1988లో ఇగోర్ లారియోనోవ్ తమ కోచ్ విక్టర్ తిఖొనోవ్‌ని దుయ్యబడుతూ ‘ఒగొన్యోక్’ పత్రికలో బహిరంగ లేఖ రాశాడు. అదే జట్టులోని ఫెతిసోవ్‌ని తప్పిస్తే, అతను లేకుండా ప్రపంచ పోటీలకు ఆడబోమని తోటివాళ్లు తెగేసి చెప్పారు. 1989లో లారియోనోవ్, ఫెతిసోవ్ ఇద్దరూ ఉత్తర అమెరికా లీగుకు వెళ్లారు, నా జీతం నాకే అని ఫెతిసోవ్ పట్టుబట్టాడు. అదే ఏడాది టెన్నిస్ అమ్మాయి నటాషా జ్వెరేవా, గెలిచిన డబ్బు తనకే కావాలని అమెరికాలో అందరి ముందూ అడిగేసింది. ఇదంతా సోవియట్ నేత గోర్బచేవ్ మాటకు కాస్త స్వేచ్ఛ ఇచ్చిన కాలంలో జరిగిందన్నది మరచిపోకూడదు. పదేళ్ల ముందైతే ఆ లేఖ అచ్చయ్యేదే కాదు. అయినా వరస చూడండి: అక్కడ ముందు నోరు పెగిలింది, తర్వాత జేబు నిండింది. చైనాలో ముందు జేబు నిండింది, నోరు మాత్రం పెగల్లేదు.

మనకూ ఒక చిన్న నమూనా ఉంది. 2018లో హర్యానా ప్రభుత్వం, తన కొలువుల్లో ఉన్న క్రీడాకారులు ప్రొఫెషనల్ ఆటల్లో, ప్రకటనల్లో సంపాదించే దాంట్లో మూడో వంతు రాష్ట్ర క్రీడా మండలికి కట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. యోగేశ్వర్ దత్, బబితా ఫోగట్ లాంటి రెజ్లర్లు బాహాటంగానే విరుచుకుపడ్డారు. ముఖ్యమంత్రి దాన్ని పక్కన పెట్టారు. శాతం చూస్తే చైనా డాన్‌ఫేకి దాదాపు మూడింతలు. కానీ తిట్టినందుకు ఎవరి ట్వీటూ మాయం కాలేదు.

అలాగని మన దగ్గర నోటికి తాళాలే లేవని కాదు. 2013లో బ్యాడ్మింటన్ లీగు వేలంలో చెప్పాపెట్టకుండా తన కనీస ధరను సగానికి తగ్గించారని హైదరాబాద్ అమ్మాయి గుత్తా జ్వాల గట్టిగా మాట్లాడింది. అదే లీగులో ఒక మ్యాచ్ గొడవ మీద బ్యాడ్మింటన్ సంఘం క్రమశిక్షణ కమిటీ ఏకంగా జీవితకాల నిషేధం సిఫారసు చేసింది. ఢిల్లీ హైకోర్టు అడ్డుపడబట్టి ఆమె ఆడగలిగింది. 2023లో జంతర్ మంతర్ దగ్గర కూర్చున్న రెజ్లర్లను పోలీసులు ఎలా ఎత్తుకెళ్లారో టీవీలో అందరం చూశాం. ఇంకో మెత్తటి తాళం కూడా ఉంది. పతకం రాగానే డిప్యూటీ కలెక్టరో, డీఎస్పీయో చేసేస్తాం. ఆ కొలువుతో పాటే ప్రభుత్వ విధానాల్ని బహిరంగంగా విమర్శించకూడదనే ప్రవర్తనా నియమాలూ వస్తాయి. ఆ సంగతి సన్మాన సభలో ఎవరూ ఎత్తరు.

మా ఇంట్లో పిల్లెవరైనా రాకెట్ పట్టుకుంటే నేనేం కోరుకుంటాను? మూడో వంతు కోసుకున్నా సరే, ఎన్నేళ్లు కోస్తారో కాగితం మీద రాసివ్వాలి, జ్వాలకి దొరికినట్టు ఎక్కడానికి కోర్టు మెట్లుండాలి. ఆ రెండూ లేని చోట 8 శాతమే అన్నా, అసలేమీ వద్దన్నా నాకు భయమే.