పికప్‌కు సబ్‌వూఫర్ బాక్స్ కొనేవాళ్ళు జాగ్రత్త: వెనక కార్పెట్ తడిమి చూడండి

ఇంకా కోపంలోనే రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. అనంతపురంలో బండికి సౌండ్ సిస్టమ్ పెట్టించుకున్నవాళ్ళకు ఆ కార్ డెకార్స్ షాపాయన తెలియకుండా ఉండడు. పేరు రాయను. పోగానే "ఏమప్పా, బాగుండావా" అని కుర్చీ వేసి టీ తెప్పిస్తాడే, ఆయనే. ఆ టీ నాకు 11,500 పడింది.

నాది డబుల్ క్యాబిన్ పికప్, కక్కలపల్లి మండీకి టమోటా తోలుతా. కార్లకైతే డిక్కీ ఉంటుంది. మనకు వెనక సీటుకూ రేకుకూ మధ్య ఉన్న సందే దిక్కు. నా బండిలో అది ఆరంగుళాలు కూడా లేదు. ఆ మాట చెప్పే సబ్‌వూఫర్, అంటే బేస్ కొట్టే పెద్ద స్పీకర్, దాని బాక్సూ అడిగాను. "పికప్ కోసమే చేయించింది అన్నా, సీల్డ్ బాక్స్, గాలి పోదు, ఎండీఎఫ్ గట్టి పలక. కళ్ళు మూసుకుని తీసుకో" అన్నాడు. మూసుకున్నాను. 10 అంగుళాల వూఫర్, బాక్స్, ఫిట్టింగ్ అన్నీ కలిపి ఆ రేటు. బిల్లు ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

మొదటి రోజు నుంచే బేస్ లేదు. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు గరగర. గెయిన్, అంటే సౌండ్ బలం, పెంచితే గరగరే పెరిగింది. నిన్న సాయంత్రం మా బామ్మర్ది సీటు వంచి, వైరు అందినంత వరకు బాక్స్ బయటికి లాగి పాట పెట్టాడు. "బావా, ఈ కార్పెట్ ఊపిరి తీస్తాంది చూడు" అన్నాడు. నిజమే. దెబ్బ పడినప్పుడల్లా వెనక కార్పెట్ గుండ్రంగా ఉబ్బుతోంది, మళ్ళీ లోపలికి పోతోంది. బ్లేడుతో కోస్తే కింద చెక్కే లేదు. అరచేతికన్నా పెద్ద చిల్లు, అందులోంచి మాగ్నెట్ తొంగి చూస్తోంది. అంచును గోటితో గీకితే పొట్టు రాలింది. ఎండీఎఫ్ అంట!

టేపు పెట్టాను. బాక్స్ మందం 5½ అంగుళాలు. వూఫర్ అట్టపెట్టె మీద మౌంటింగ్ డెప్త్, అంటే వూఫర్ లోపలికి దిగే లోతు, 5¾. పట్టదని తెలిసే వెనక కోసి, పైన కార్పెట్ అంటించారు. సీల్డ్ బాక్స్‌లో లోపల ఉన్న గాలే కోన్‌కు, అంటే వూఫర్‌లో ముందుకూ వెనక్కూ ఊగే భాగానికి, స్ప్రింగ్. చిల్లు పడితే దాన్ని పట్టేదేమీ ఉండదు, వెనక సౌండ్ వచ్చి ముందు సౌండ్‌ను తినేస్తుంది. మాగ్నెట్ వెళ్ళి రేకుకు కొట్టుకోవడం అదనం. టమోటా క్రేటుకు బిగించినా ఇదే సౌండ్ వచ్చేది, అదీ చిల్లుల పెట్టేగా.

పొద్దున బాక్స్ మోసుకుని పోయాను. ఈసారి టీ లేదు. కుర్చీలోంచి లేవకుండానే చూసి, "అది చిల్లు కాదప్పా, పోర్టు" అన్నాడు. పోర్టు అంటే గాలి కోసం కావాలనే పెట్టే దారి, సీల్డ్ బాక్స్‌కు అది ఉండదు. సీల్డ్ అన్నావు కదన్నా అంటే, ఫోన్ చూసుకుంటూ, "టమోటాలు తోలే బండికి ఇంకెంత బేస్ కావాలప్పా?" అన్నాడు. లోపల కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. ఒకడి చేతిలో జిగ్‌సా, ఇంకెవరికో కోస్తున్నాడు.

డబ్బు లెక్కపెట్టుకునేటప్పుడు నోట్లకు టమోటా వాసన రాలేదా? రాత్రి రెండింటికి లోడుతో పోయేవాడికి నిద్ర ఆపేది ఆ పాటే.

తిట్టుకోవాల్సింది నన్ను కూడా. క్రేట్లు ఎన్ని పడతాయో కొలవడానికి డ్యాష్‌బోర్డులో ఎప్పుడూ టేపు ఉంటుంది. అట్టపెట్టె మీద బొమ్మ వేసి మరీ కొలత రాశారు. రెండూ నా చేతిలోనే ఉన్నాయి, ఒక్కసారి పక్కపక్కన పెట్టలేదు.

కొనేవాళ్ళు సందు కొలుచుకుని పోండి. మన బండ్లకు షాలో మౌంట్ వూఫర్లే నయం, మూడు మూడున్నర అంగుళాల లోతులో దొరుకుతాయి. బాక్స్ లోపలి పొడవు, ఎత్తు, లోతు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి, వూఫర్ కంపెనీ అడిగినన్ని ఉన్నాయో లేదో చూడండి. సీల్డ్ అంటే పాట పెట్టి బాక్స్ అంచులూ వెనక కార్పెట్టూ తడిమి చూడండి. చేతికి గాలి తగిలినా, కార్పెట్ ఉబ్బినా గాలి పోతున్నట్టే. బిల్లు తీసుకోండి.

వూఫర్ ఇంకా బాగానే ఉన్నట్టుంది. అనంతపురం, ధర్మవరం పక్క కొలత తీసుకుని బాక్స్ చేసే కార్పెంటర్ ఎవరైనా తెలిస్తే చెప్పండి. టేపు నేనే తెచ్చుకుంటా.