మొత్తం టేకా, కలిపి వేయడమా: మారుతున్న వానలకు ఏది మేలు?

చెలకలోనో బీడులోనో చెట్లు పెంచాలనుకునేవాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్నది ఇదే: అంతా టేకు పెట్టేయాలా, అడవిలో ఉన్నట్టు నాలుగైదు జాతులు కలపాలా? ధరలో టేకుదే పైచేయి, అందులో వాదన లేదు. కానీ అది కోతకు వచ్చేసరికి ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది. అందుకే నేను ధరకన్నా ముందు నీళ్ల సంగతి చూస్తాను.

నీళ్లంటే ఏడాది మొత్తం వర్షపాతం కాదు, వానకూ వానకూ మధ్య ఎడం. మధ్య భారతంలో విస్తారంగా పడే అతి భారీ వర్షాలు 1950–2015 మధ్య మూడు రెట్లయ్యాయి. అలా కుమ్మరించిన వానలో చాలా భాగం వాగు పాలవుతుంది. టేకు మాను లావెక్కేది ఆకు నిండుగా ఉండే వానాకాలంలోనే. సరిగ్గా ఆగస్టులో బెట్ట పడి, గాలి కూడా పొడిబారితే ఆకు తన రంధ్రాలు మూసేసుకుంటుంది, తిండి తయారీ పడిపోతుంది. రాత్రిళ్లు ఉక్క తగ్గకపోతే దాచుకున్న చక్కెర శ్వాసకే ఎక్కువ ఖర్చవుతుంది. మానులో ఆ ఏడాది పెరుగుదలను చూపే వలయం సన్నగా వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగింది కాబట్టి చెట్లు ఇంకా బాగా పెరుగుతాయని కొందరంటారు. నేలలో తడి లేనప్పుడు ఆ లాభం పెద్దగా అక్కరకు రాదు.

ఒకే ఈడు టేకు తోటలో చెట్లన్నీ ఒకే లోతులో, ఒకే వారాల్లో నీళ్లకు ఎగబడతాయి. కలిపి వేస్తే ఆ పోటీ కొంత సడలుతుంది. నారేప అనే అడవి చెట్టు వేరు రాతి పగుళ్లలోంచి లోపలికి దిగుతుంది. ఇప్ప, కానుగ ఎండాకాలంలోనే చిగురిస్తాయి కాబట్టి టేకు మోడుగా నిలబడ్డ రోజుల్లోనూ నేలమీద కాస్త నీడ ఉంటుంది. ఆకుతినే పురుగు వచ్చినా తోటంతా దానికి విందు కాదు. జర్మనీలో 2018 నుంచి వరుసగా వచ్చిన కరువులకు, బెరడు పురుగుకు మూడేళ్లలో సుమారు 5 లక్షల హెక్టార్ల అడవి పోయింది. అందులో ఎక్కువ నష్టం పైపై వేర్లుండే స్ప్రూస్ అనే సూదాకు చెట్టుకే.

అలాగని కలపడం మంత్రమేమీ కాదు. చైనాలోని జియాంగ్‌షీలో పెద్ద ప్రయోగం చేశారు. ఎనిమిదేళ్లకు 16 జాతులు కలిపిన మడుల్లో, ఒకే జాతి మడుల సగటుకు రెట్టింపు పైగా కార్బన్ చేరింది. అయితే వ్యాపారానికి పెంచే రెండు జాతులు విడిగా వేసిన మడులూ దాదాపు అంతే చేర్చుకున్నాయి. చెట్టులో కార్బన్ చేరడమంటే కలప పెరగడమే కాబట్టి, బాగా పెరిగే ఒకే జాతి కన్నా మిశ్రమంతో కలప ఎక్కువ వస్తుందని ఆశ పెట్టుకోకూడదు. ఇక మన ములుగు జిల్లా తాడ్వాయి అడవి మిశ్రమమే కదా, 2024 ఆగస్టు 31న వచ్చిన పెనుగాలికి అక్కడ వేల చెట్లు కూలాయి. వేర్లు లోతుకు పోకుండా పక్కలకు పాకాయని అప్పట్లో అధికారులు చెప్పారు.

అందుకే ఎన్ని జాతులన్నది నాకు పెద్ద విషయం కాదు. వేర్ల లోతులో, చిగురించే నెలలో తేడా ఉన్నవి ఎంచుకోవాలి. నేనైతే ఎర్రచెలకలో సగం టేకు, మిగతా సగం నారేప, ఏగిస, కానుగ, నల్లమద్ది లాంటి అడవి చెట్లు వేస్తాను. టేకుకు నీడ పడదు కాబట్టి దానికి విడి వరసలిచ్చి, గుబురెక్కగానే పలచన చేయాలి. ఇబ్బంది అమ్మకం దగ్గరే: నాలుగు రకాల దుంగలు తక్కువ తక్కువగా ఉంటే బేరగాడు మొహం చాటేస్తాడు.

జామాయిల్, సుబాబుల్ కాగితం మిల్లుకు అమ్మి త్వరగా డబ్బు చేసుకోవాలనుకునేవాళ్లకు, ఈ పోలికలోకి రావు. సరుగుడు తీరంలో ఇసుక నేలలకు. ఎర్రచందనం బాగా నెమ్మది, పైగా అనుమతుల టెన్షన్. నీళ్లు నిలిచే నల్లరేగడిలో మాత్రం టేకు విడిగా వేసినా, కలిపి వేసినా ఎదగదు, అక్కడ నల్లతుమ్మ నయం.