టేకు ఊగుడు కుర్చీ: ఆరేళ్ల వాడకం తర్వాత

రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే అమ్మ ఈ కుర్చీలో కూర్చుంటుంది. వెనక్కి వాలితే చప్పుడు ఉండదు, ముందుకు వస్తే కుదుపు తగలదు. కాలి మునివేళ్లతో ఒక్కసారి నేలను తాకితే చాలు, ఏడెనిమిది సార్లు ఊగి మెల్లగా నిలుస్తుంది. ఆ ఊపంతా అడుగున ఉన్న రెండు వంపు కొయ్యలది. చేతులు, వీపు పుల్లలు, కూర్చునే పలక గురించి నేనేమీ రాయబోవడం లేదు. కుర్చీ చేసినవారికి అవి తెలిసినవే. ఈ రెండు కొయ్యలంటే నాకు ప్రాణం. ఒక వేసవిలో అవి నన్ను ఎంత ఏడిపించాయో కూడా చెప్పాలి.

వడ్రంగం నా వృత్తి కాదు. రాజమహేంద్రవరంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆదివారాలు కొయ్యపని చేసుకుంటాను. 2019లో ఈ కుర్చీ మొదలుపెట్టినప్పుడు మందపాటి టేకు పలక మీద వంపు గీసి, నేరుగా అలాగే కోశాను. పదకొండో రోజున కుడివైపుది వెనక కొసన పుటుక్కున విరిగింది. ఒకప్పుడు ఎడ్లబండ్లు చేసిన వడ్రంగి పెద్దాయన మా వీధిలోనే ఉంటారు. ముక్కను చేతిలోకి తీసుకుని, విరిగిన చోట బొటనవేలితో రాసి చూశారు. “బండి చక్రం చుట్టుకొయ్యను ఒకే పలకలో ఎందుకు తీయమో తెలుసా బాబూ? నార అడ్డం పడుతుంది. అడ్డం పడిన చోట కొయ్యకు బలం ఉండదు. అందుకే ముక్కలుగా కోసి కలుపుతాం” అన్నారు. నిజమే. తిన్నని పలకలో వంపు కోస్తే మధ్యలో నార పొడవునా సాగుతుంది, కొసలకు వచ్చేసరికి వంపును అడ్డంగా దాటిపోతుంది. నా కొయ్య విరిగింది సరిగ్గా అక్కడే.

ఆ తర్వాతే సామ్ మలూఫ్ పద్ధతికి వచ్చాను. కాలిఫోర్నియాకు చెందిన ఈ కొయ్య కళాకారుడు (1916–2009) పని సొంతంగా నేర్చుకున్నారు. ఆయన చేసిన ఊగుడు కుర్చీ శ్వేతసౌధం సేకరణలో ఉంది. తోకలా వెనక్కి సాగే ఆయన వంపు కొయ్యలు పలచని బద్దలను ఒకదానిపై ఒకటి అంటించి చేసినవి. బద్ద వంగితే నార కూడా దానితోపాటే వంగుతుంది, ఎక్కడా తెగదు. నేను మూడు మిల్లీమీటర్ల బద్దలు ఎనిమిదేసి తీసుకున్నాను. 42 అంగుళాల వ్యాసార్థంతో ప్లైవుడ్ అచ్చు చేసి, పద్నాలుగు క్లాంపులతో బిగించాను. పలక నుంచి కోసిన వరుసలోనే పేర్చడంతో అతుకు గీతలు టేకు చారల్లో కలిసిపోయాయి. అవిసె నూనె పట్టించాక చూసినవారంతా ఒకే కొయ్యను వంచాననుకున్నారు. ఇనుములా ఉంటుందని ఇంటికి వచ్చిన ప్రతివారికీ చెప్పాను. కొయ్య గురించి ఆ మాట ఇప్పటికీ చెబుతాను. అంటించిన తీరు గురించి మాత్రం చెప్పలేను.

2021 మే నెల. అప్పుడు కుర్చీ పడమటి వసారాలో ఉండేది. మూడు దాటితే ఎండ సూటిగా వంపు కొయ్యల మీదే పడేది. మొదట కుర్చీ పక్కకు జరుగుతోందని గమనించాం. అరగంట ఊగితే ఎడమకు మళ్లి గోడకు తగిలేది. నేల వాలుగా ఉందేమోనని రసమట్టం పెట్టి చూశాను, తేడా ఏమీ లేదు. రెండు రోజుల తర్వాత అమ్మ లేవబోతే చీర అంచు పట్టేసింది. వంగి చూస్తే ఎడమ కొయ్య వెనక భాగంలో, నాలుగో బద్దకూ ఐదో బద్దకూ నడుమ, నీలం పోగు ఒకటి చిక్కుకుని ఉంది. బరువు ముందుకు వచ్చినప్పుడు ఆ చీలిక తెరుచుకుంటోంది, వెనక్కి వాలినప్పుడు మూసుకుంటోంది. ఆ నోట్లోనే చీర పడింది. అమ్మ తూలి పడి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

కొయ్యను విప్పి అచ్చు మీద పెడితే కొస దగ్గర తొమ్మిది మిల్లీమీటర్ల సందు వచ్చింది. వంపు అంత విచ్చుకుందన్నమాట. చీలికలో ఒక బద్దకు జిగురు పొరలా అంటుకుని ఉంది, రెండో బద్ద నున్నగా, చిత్రిక పట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. తప్పులు రెండూ నావే. వంగిన బద్దలు తిన్నగా కావాలని ఎప్పుడూ లాగుతూనే ఉంటాయి. మామూలు తెల్లజిగురు ఎండకు మెత్తబడి ఆ లాగుడుకు లొంగిపోతుంది. పైగా టేకులో సహజంగానే నూనె ఉంటుంది. కోసిన బద్దలను వారం పక్కన పడేసి, తుడవకుండా అంటించాను. సందులోకి మళ్లీ అదే జిగురు ఎక్కించి బిగిస్తే నెల కూడా ఆగలేదు. ఎండిపోయిన తెల్లజిగురు మీద కొత్తది పట్టదు.

రెండూ తీసేసి కొత్తవి చేశాను. ఈసారి బద్దలు కోసిన రోజే ముతక గరుకు కాగితంతో రుద్ది, గుడ్డకు పసుపు రంగు అంటడం తగ్గేదాకా నూనెను కరిగించే అసిటోన్‌తో తుడిచి, వెంటనే ఎపాక్సీ (రెండు పాళ్లు కలిపి వాడే రసాయన జిగురు) పూశాను. ఎపాక్సీని తెల్లజిగురులా గట్టిగా బిగించకూడదు. బిగిస్తే అంతా బయటికి కారిపోయి అతుకులో జిగురే మిగలదు. మూడు రోజులు అచ్చు మీదనే ఉంచాను. పాతవాటిని రంపంతో వేరు చేసేటప్పుడు కాళ్లు కాస్త పొట్టివయ్యాయి, అందుకని తొమ్మిదో బద్ద కలిపాను.

అప్పటి నుంచి నాలుగు వేసవులు గడిచాయి. ఇప్పటికీ ఆ అతుకుల్లో గోరు దూరదు. కానీ కుర్చీని తూర్పు వసారాకు మార్చాం కనుక ఘనతంతా ఎపాక్సీదేనని చెప్పలేను. ఊపు గురించి పైన చెప్పిందంతా అమ్మ కూర్చున్నప్పటి మాట. ఆమె బరువు 48 కిలోలు, అచ్చు గీసింది కూడా ఆమెను కూర్చోబెట్టి చూసుకునే. తొంభై కిలోల మా బావగారు కూర్చుంటే కుర్చీ మరీ వెనక్కి వాలిపోతుంది, ముందుకు రావడానికి ఆయన కాళ్లతో నెట్టాల్సి వస్తుంది. మా వసారాలో గరుకు నాపరాయి ఉంది కాబట్టి కొయ్య నేలను పట్టుకుంటుంది. అక్క వాళ్ల ఇంట్లో నున్నటి టైల్స్. ఆమెకూ ఒకటి కావాలంది. బద్దలు చలికాలంలో అంటిద్దామని ఆగాను. అడుగున తోలు పట్టీ వేయాలా వద్దా అన్నది కుర్చీని ఆ నేల మీద పెట్టి చూశాకే తేలుతుంది.